చక్కెర కొనడానికి అంగడాయన స్టోరుకు ఎందుకొచ్చినట్టు?

2025 దసరాకు ముందు ఆదివారం. అనంతపురంలో ఒక పెద్ద స్టోరులో బిల్లు కౌంటర్ దగ్గర లైన్లో నిలబడ్డాను. ట్రాలీలో కందిబ్యాళ్ళు, నూనె ప్యాకెట్లు, సబ్బులు, ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉన్నాయి. ఇంట్లో బకెట్లకు కరువేమీ లేదు. అది ట్రాలీలోకి ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను. ముందున్న మనిషి వెనక్కి తిరిగాడు. చూస్తే మా వీధి కిరాణా అంగడాయన. రెండు చేతుల్లో రెండు 5 కిలోల చక్కెర ప్యాకెట్లు.

ఇద్దరికీ ఇబ్బందిగానే అనిపించింది. పదేళ్లు నెల సరుకులు ఆయన దగ్గరే తెచ్చుకుని, ఆర్నెల్లుగా చీటీ పంపడం మానేసినవాణ్ణి నేను. ఆయనే ముందు తేరుకున్నాడు. "సార్, మనిషికి రెండే ఇస్తారంట. మీ బిల్లులో ఇంకో రెండు వేయించరా? దుడ్లు ఇక్కడే ఇచ్చేస్తా" అన్నాడు.

వేయించాను. బయటికొచ్చి స్కూటర్ ముందు ప్యాకెట్లు సర్దుకుంటూ లెక్క చెప్పాడు. ఊళ్ళోనే పాతూరు హోల్‌సేల్ బజారులో చక్కెర బస్తా ఎత్తితే ఆయనకు పడే ధర కన్నా, ఆ రోజు స్టోరులో అమ్మే ధర కిలోకు రెండు రూపాయలు తక్కువ. హమాలీ కూలీ, ఆటో బాడుగ కలపకుండానే.

ఒకరు అమ్మే ధర ఇంకొకరు కొనే ధర కన్నా తక్కువ ఉందంటే, ఆ ఇద్దరూ ఒకే వ్యాపారం చేస్తున్నారని అనుకోవడానికి లేదు. "పెద్దోళ్లు ఎక్కువ కొంటారు, అందుకే తక్కువకిస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. అబద్ధం కాదు గానీ అసలు సంగతి అందులో సగం కూడా లేదు.

ఒక సబ్బు బిళ్ళతో మొదలుపెడదాం. కంపెనీ నుంచి డిపోకు, అక్కణ్ణుంచి ఊళ్ళో డిస్ట్రిబ్యూటరుకు, ఆయన సేల్స్‌మన్ వారానికోసారి మన వీధి బీట్ తిరిగి రాసుకున్న ఆర్డరు మీద అంగడికి వస్తుంది. డిస్ట్రిబ్యూటరు తన ఖర్చులకు, లాభానికి నాలుగైదు శాతం ఉంచుకుంటాడు. అంగడికి ఎమ్మార్పీలో ఎనిమిది, పది శాతం మిగులుతుంది. సరుకును బట్టి ఇది మారుతుంది. చక్కెర, నూనె లాంటి వాటిలో రూపాయి, రెండు రూపాయలు మిగిలితే గొప్ప. పెద్ద స్టోరు నేరుగా కంపెనీతోనే మాట్లాడుకుంటుంది. మధ్యలో డిస్ట్రిబ్యూటరు వాటా దానికే చేరుతుంది. లారీల లెక్కన కొంటుంది కాబట్టి ఇంకొంత తగ్గింపు. కంటికెదురుగా ఉండే అరలో, కౌంటర్ పక్కన స్టాండులో సరుకు పెట్టినందుకు కంపెనీలు విడిగా డబ్బిస్తాయి. అదే కంపెనీ మా అంగడాయనకు ఇచ్చింది ఒక బోర్డు. దాని మీద సబ్బు పేరు మూరెడు, ఆయన అంగడి పేరు బెత్తెడు.

ఈ తేడా మీద గొడవ జరగకపోలేదు. 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు కోల్గేట్ సరుకు కొంత పంపిణీ ఆపేశారు. పెద్ద చైన్లకు, ఆన్‌లైన్ హోల్‌సేల్ కంపెనీలకు ఒక ధర, మాకొక ధర ఏమిటన్నది వాళ్ళ నిలదీత. ఆ తర్వాత సర్దుబాటు జరిగింది, ధరల తేడా మాత్రం పోలేదు.

సరుకు ఎంత తొందరగా తిరిగితే

ధర కన్నా పెద్ద కిటుకు వేగంలో ఉంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం. అంగట్లో లక్ష రూపాయల సరుకుంది. పది శాతం మిగుల్చుకుని అమ్మితే, ఆ సరుకు రెండు నెలలకోసారి ఖాళీ అయితే, ఏడాదికి ఆరు విడతలు, 60 వేలు. స్టోరు ఆరు శాతమే మిగుల్చుకుంటుంది, కానీ నెలకోసారి సరుకు తిరుగుతుంది. ఏడాదికి 12 విడతలు, 72 వేలు. తక్కువకు అమ్మినవాడికే ఎక్కువ మిగిలింది. పైగా తక్కువకు అమ్ముతున్నాడు కాబట్టే ఆ వేగం.

డీమార్ట్ షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కాబట్టి దాని లెక్కలు అందరూ చూడొచ్చు. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పొవాయిలో మొదటి స్టోరు తెరిచాడు. 2025 మార్చి చివరికి 415 స్టోర్లు. ఆ ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు సుమారు 57,800 కోట్ల రూపాయలు. భాగించి చూస్తే ఒక్కో స్టోరుకు ఏడాదికి దాదాపు 140 కోట్లు, రోజుకు 38 లక్షలు. ఇది దేశమంతటి సగటు. ముంబయిలో స్టోరూ రాయలసీమలో స్టోరూ ఒకటి కావు. అందుకని దాన్ని నాలుగో వంతుకు తగ్గించి చూడండి. అప్పటికీ రోజుకు పదివేలు అమ్మే అంగళ్ళు వంద దాకా కలిస్తే గానీ సరితూగవు.

అదే కంపెనీ స్థలాలు చాలావరకు సొంతంగా కొంటుంది, బాడుగ గొడవ తక్కువ. సరుకు ఇచ్చినవాళ్ళకు వారం, పది రోజుల్లో డబ్బు కట్టేస్తుందని పేరు. పెద్ద అంగళ్ళంటే నెలల తరబడి డబ్బు తొక్కిపెడతాయనే మాట మనకు అలవాటు. ఇక్కడ తొందరగా కట్టి, దానికి ప్రతిఫలంగా ధర తగ్గించుకుంటారు. మరి పెద్దగా ఉంటే చాలదా అంటే చాలదు. చెన్నైలో 1997లో మొదలై 1,600 దాకా స్టోర్లు పెట్టిన సుభిక్ష, 2009 నాటికి చేతిలో నగదు ఆడక మూతబడింది. 2001లో మొదలైన బిగ్ బజార్ అప్పుల్లో మునిగి, 2022లో దాని స్టోర్లు చాలావరకు రిలయన్స్ చేతికి పోయాయి. ఎంత పెద్ద అంగడైనా నిలబడేది సరుకు, డబ్బు తిరిగే వేగం మీదే.

ఇక బకెట్టు సంగతి. బ్యాళ్ళు, చక్కెర, నూనె మీద స్టోరుకు మిగిలేది తక్కువ. అవి మనల్ని లోపలికి లాగడానికి. లోపలికొచ్చాక బకెట్లు, స్టీలు డబ్బాలు, దుప్పట్లు, పిల్లల నిక్కర్లు కనబడతాయి. డీమార్ట్ అమ్మకాల్లో ఐదో వంతుకు పైగా ఇలాంటి సరుకులే, వాటి మీద మిగులు ఎక్కువ. అంటే బ్యాళ్ళ మీద పోయింది బకెట్టు మీద రాబట్టుకుంటారు. కిరాణా అంగడాయనకు తన పోటీ ఎవరో తెలుసు. క్లాక్ టవర్ వైపు ప్లాస్టిక్ సామాను, సంచులు, రెడీమేడ్ బట్టలు అమ్ముకునేవాళ్ళకు మాత్రం, తమ గిరాకీ చక్కెర రేటు చూసి పోతోందని తట్టడం కష్టం.

నెల చీటీ పోతే మిగిలేది

మా అంగడాయన కూర్చునే చోట, తల మీదుగా ఒక ఇనుప తీగ వేలాడుతుంది. ఒకటో తారీఖు నుంచి అయిదు దాకా వచ్చే నెల సరుకుల చీటీలు దానికే గుచ్చేవాడు. కందిబ్యాళ్ళు 3, ఉద్దిబ్యాళ్ళు 1, పప్పులు అర, బొరుగులు ఒక పడి, చింతపండు కొత్తది అయితేనే. మా అమ్మ చేతిరాత ఆయనకు నా కన్నా బాగా అర్థమయ్యేది. పిల్లాడు పొట్లాలు కట్టి, గోతంలో వేసి, సాయంత్రానికి సైకిల్ మీద తెచ్చేవాడు. డబ్బు జీతం పడ్డ రోజే.

ఆ చీటీలే అంగడికి ప్రాణం. ఒక్కో చీటీ మూడు, నాలుగు వేలు, నగదు. వాటితో డిస్ట్రిబ్యూటర్ల బిల్లులు తీరేవి. కొత్త సరుకు దిగాలంటే పాత బిల్లు కట్టాలి, 'బిల్లుకు బిల్లు' అంటారు దాన్ని. పెద్ద స్టోరు వచ్చి కొల్లగొట్టింది సరిగ్గా ఈ చీటీలనే. అంగడికి వచ్చే మనుషులు తగ్గలేదు. పొద్దున పాల ప్యాకెట్టు, రాత్రి తొమ్మిదికి పది రూపాయల జీలకర్ర, మధ్యలో అల్లం, అగ్గిపెట్టె, ఉగ్గానికి బొరుగులు. నేనూ వాటికి ఆయన దగ్గరికే పోతున్నాను. రోజంతా అంగట్లో మనుషులుంటారు, గల్లాలో మాత్రం చిల్లరే.

రూపాయి షాంపూ ప్యాకెట్టు, అయిదు రూపాయల బిస్కెట్టు అంగళ్ళలోనే ఎక్కువ నడుస్తాయి. 1980లలో తమిళనాడు కడలూరు వైపు నుంచి వచ్చిన చిక్ షాంపూ చిన్న ప్యాకెట్లు పల్లె అంగళ్ళకు కొత్త గిరాకీ తెచ్చాయి. ఇప్పుడు కంపెనీలు సరుకును రెండుగా చీల్చాయి: కిలో, రెండు కిలోల పెద్ద ప్యాకు, మీద తగ్గింపుతో, స్టోరుకు. అయిదు, పది రూపాయలది అంగడికి. పెద్ద ప్యాకులో గ్రాముకు పడే ధర తక్కువ. ఒకేసారి 300 పెట్టగలిగినవాడికి చవక, రోజూ పది పెట్టేవాడికి ప్రియం. ఈ మెలిక అంగడాయన వేసింది కాదు, ఆ మాట మాత్రం ఆయనే పడతాడు.

ఇక అప్పు. అనంతపురం జిల్లాలో అంగడి అప్పుకు, శెనక్కాయ పంటకు పాత బంధం. వాన పడి, విత్తనం వేసిన దగ్గర నుంచి కాయ పెరికి అమ్మేదాకా పల్లె అంగడాయన పుస్తకంలో రాసుకుంటూ పోతాడు. పంట పోతే పద్దు వచ్చే ఏడాదికి జరుగుతుంది. టౌన్లో పంట బదులు వారం కూలి, నెల జీతం. వడ్డీ రాయరు, కానీ ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట రావాలి. నగదు చీటీల మీద వచ్చిన లాభమే ఈ అప్పు పద్దును మోసేది. అంటే నాలాంటి జీతగాడు కట్టిన నగదుతో, వీధి చివర బేల్దారి పనికిపోయే కుటుంబానికి పదిరోజుల బియ్యం అప్పుగా దొరికేది. నేను చీటీ పంపడం మానేసినప్పుడు నాకు నెలకు నాలుగైదు వందలు మిగిలాయి. ఆ బరువు ఎవరి మీద పడిందో అప్పుడు నేను ఆలోచించలేదు, నిజం.

నగదు తగ్గి అప్పు పద్దు అలాగే ఉంటే అంగడాయన తనే అప్పుకు పోవాలి. చిన్న వ్యాపారులకు బ్యాంకులిచ్చే ముద్ర లోను 2015 నుంచి ఉంది, అందులో శిశు అనే మొదటి మెట్టు కింద 50 వేల దాకా ఇస్తారు. కానీ రేపు పొద్దున డిస్ట్రిబ్యూటరు బిల్లు కట్టాలంటే దిక్కు డైలీ ఫైనాన్సే. మామూలుగా నడిచే పద్ధతి ఇది: పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి వెయ్యే వడ్డీ. అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటుతుంది. ఒకవైపు కంపెనీకి తొందరగా డబ్బు కట్టి ధర తగ్గించుకునే స్టోరు, ఇంకోవైపు 75 శాతం వడ్డీకి తెచ్చి, నెల రోజులు వడ్డీ లేని అప్పిచ్చే అంగడి. ధరల పోటీ అని మనం పిలిచేది దీన్నే.

పాతూరు గొలుసు

నాకు ఈ మొత్తంలో ఎక్కువ గుబులు పుట్టించేది వీధి అంగడి కాదు, పాతూరు. గాంధీ బజార్ వైపు హోల్‌సేల్ అంగళ్ళకు సొంత బలమంటూ లేదు. వందలాది చిన్న అంగళ్ళ ఆర్డర్లన్నీ కలిస్తేనే వాళ్ళు మిల్లు దగ్గరో, చక్కెర ఏజెంటు దగ్గరో రేటు అడగగలరు. చిన్న అంగళ్ళు ఒకరికొకరు చెప్పుకోకుండానే కలిసి బేరమాడుతున్నట్టు లెక్క. పది అంగళ్ళు మూతబడితే, లేదా ఇరవై అంగళ్ళు బస్తాల బదులు అరబస్తాలు ఎత్తితే, హోల్‌సేలర్ బేరం సడలుతుంది. రేటు పెరుగుతుంది. ఆ పెరిగిన రేటు మిగిలిన అంగళ్ళ మీద పడుతుంది. అక్కడ ఇంకో నాలుగు చీటీలు పోతాయి. పక్క వీధి అంగడి మూతబడితే దాని గిరాకీ తనకు వస్తుందని ఎవరైనా అనుకుంటారు. కొంత వస్తుంది కూడా. ఆ వెనకే కొనుగోలు ధర పెరిగి కూర్చుంటుంది. చక్కెర కోసం అంగడాయన స్టోరు లైన్లో నిలబడటానికి అసలు కారణం ఇది. ఆయన అలా కొన్న ప్రతి ప్యాకెట్టూ పాతూరులో తగ్గిన ఆర్డరే. ఆయనకూ తెలుసు. "ఏం జేద్దాం సార్, కిలోకు రెండు రూపాయలు" అన్నాడు.

అంగడిని నెత్తిన పెట్టుకునే రాతలు చదివితే నాకు కొంచెం చిరాకు. అప్పు ఉన్నవాడు ధర అడగలేడు. తూకంలో వేలు పడిందని తెలిసినా నోరెత్తలేడు. పుస్తకంలో ఏం రాశారో చదవడం రాని ముసలామెను నేను చూశాను. పల్లె అంగడిలో కొన్ని కులాలవాళ్ళు మెట్టు కిందే నిలబడి సరుకు అడిగిన రోజులు మరీ పాతవేమీ కావు. పెద్ద స్టోరులో ఎవరైనా నేరుగా నడిచి వెళ్ళి, బియ్యం వేళ్ళ మధ్య నలిపి చూసి, నచ్చకపోతే వదిలేసి రావచ్చు. గేటు దగ్గర సంచి తనిఖీ చేస్తారు గానీ ఇంటిపేరు అడగరు. అందులో బిల్లింగ్ దగ్గర కూర్చున్న ఆడపిల్లలకు పీఎఫ్, ఈఎస్ఐ ఉండే వీలుంది. సైకిల్ మీద సరుకు తెచ్చే పిల్లాడికి అంగట్లో ఏమీ లేదు. చవక ధర కూడా చిన్న విషయం కాదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి నెలకు అయిదు వందలంటే ఒక ట్యూషన్ ఫీజు.

చట్టం ఎవరిని చూసింది

2012 సెప్టెంబరులో కేంద్రం పలు బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి దారి తెరిచింది. ఆ నెల 20న దేశవ్యాప్త బంద్ జరిగింది, డీజిలు ధరతో పాటు ఇదీ కారణం. పదిలక్షల జనాభా దాటిన నగరాల్లోనే పెట్టాలని మొదట షరతు. 2011 లెక్కల్లో అనంతపురం నగరం మూడు లక్షల లోపే, కాబట్టి మనకేం భయం లేదనుకున్నాం. మరుసటి ఏడాది ఆ షరతు సడలించి నగరాల ఎంపికను రాష్ట్రాలకు వదిలేశారు. కానీ ఈ నియమాలన్నీ విదేశీ డబ్బుకే. స్వదేశీ పెట్టుబడికి జనాభా లెక్కా లేదు, శాతం లెక్కా లేదు. రిలయన్స్ తన మొదటి ఫ్రెష్ దుకాణాలను హైదరాబాదులో తెరిచింది 2006లోనే. తలుపుకు గొళ్ళెం పెట్టి కాపలా కాశాం, వచ్చేవాళ్ళు అప్పటికే నట్టింట్లో ఉన్నారు.

ఒకే సరుకును ఒకరికి ఒక ధర, ఇంకొకరికి ఒక ధర అమ్మడాన్ని అడ్డుకునే చట్టం అమెరికా 1936లోనే చేసుకుంది. రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టమని పేరు. అప్పట్లో ఏ అండ్ పీ అనే కిరాణా చైను చిన్న అంగళ్ళను మింగేస్తోందన్న గోల నుంచి పుట్టింది. కొన్ని దశాబ్దాలుగా దాని అమలు దాదాపు పడకేసింది, అది వేరే కథ. మన 2002 కాంపిటీషన్ చట్టం వివక్షతో కూడిన ధరను, నష్టానికి అమ్మి పోటీని చంపడాన్ని తప్పంటుంది, కానీ మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థ చేస్తేనే. దేశం మొత్తం కిరాణా వ్యాపారంలో ఏ ఒక్క చైను వాటా చూసినా చిన్నదే. ఒక ఊరినో, ఆ ఊళ్ళో నాలుగు వీధులనో ఒక మార్కెట్టుగా చూపించి వాదిస్తే తప్ప అంగడాయన గోడు ఆ చట్టంలో పట్టదు. ఆ వాదన వినిపించడానికి లాయరును పెట్టుకునే స్తోమత ఎవరికుంది?

జీఎస్టీలో ఒక చిన్న ముడి కూడా చెప్పాలి. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మే వ్యాపారి కాంపోజిషన్ పద్ధతి ఎంచుకోవచ్చు. అమ్మకాల మీద ఒక శాతం కట్టేస్తే సరిపోతుంది, లెక్కల టెన్షన్ తక్కువ. బదులుగా, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. 2025 సెప్టెంబరు 22న సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు లాంటివాటి మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. జనానికి మేలే. కానీ 18 శాతం కట్టి తెచ్చిన పాత స్టాకు అరల్లో ఉన్న కాంపోజిషన్ అంగడాయనకు ఆ తేడా చేతి నుంచే. కంపెనీ సర్దుబాటు చేస్తుందా అంటే సేల్స్‌మన్ "వస్తుందన్నా, మెయిల్ పెట్టినాం" అన్నాడట. స్టోరు వాళ్ళకు కొన్నప్పటి పన్ను అప్పటికే జమ అయిపోయి ఉంటుంది.

మొన్న రాత్రి కొత్తిమీర కోసం అంగడికి పోయాను. తీగకు ఈ నెల ఆరో, ఏడో చీటీలున్నాయి. ఫ్రిజ్‌లో దోసెల పిండి ప్యాకెట్లు పెట్టాడు, వాటి మీద మంచి గిరాకీ ఉందట. నేను నిలబడి ఉండగానే, మా వీధికి కొత్తగా అద్దెకొచ్చిన బేల్దారి అయిదు కిలోల బియ్యం అడిగి, "శనివారం కూలి ఇస్తారన్నా, రాసుకో" అన్నాడు. అంగడాయన పుస్తకం వైపు చూశాడు గానీ తీయలేదు. పాతవాళ్ళకు తప్ప కొత్త పేరు రాయడం ఆపేశాడని నాకు అప్పుడే తెలిసింది.

"ఫోన్‌పే ఉంది కదప్పా, చెయ్" అన్నాడు.

అతను ఫోన్ తీసి, బ్యాలెన్స్ చూసుకుని, "రెండు కిలోలు కట్టు అయితే" అన్నాడు.